ఆడాలనిపించి ఆడుడు వేరు, ఆడిపిస్తే ఆడుడు వేరు

(హన్మకొండల ఒక డిగ్రీ కాలేజిల బతుకమ్మ పండుగకు ముందు ఒక డాన్స్ టీచరమ్మ మాట్లాడిన మాటలు. రికార్డింగ్ విని రాసింది.)

అందరికి నమస్కారం. వెనక గోడ పొంటి నిలబడ్డోళ్లు ముందుకు రాండ్రి, ఇక్కడ కింద కార్పెట్ పరిచి ఉన్నది, కూసోండ్రి, నాకు కూడా మీ మొఖాలు కనపడ్తయి.

నన్ను పిలిచినప్పుడు టాపిక్ ఏందంటే డాన్స్, స్వేచ్ఛ అన్నరు. మంచి టాపిక్. కాని ఈ రెండు మాటలు పక్కపక్కన పెట్టంగనే అందరు ఒకటే చెప్తరు, డాన్స్ చేస్తే మనసు తేలికైతది, టెన్షన్ పోతది, బాధలన్ని మర్చిపోతం అని. అబద్ధం కాదు, నాకు కూడా అట్లనే అయితది. అయితే ఇన్నేండ్ల సంది పిల్లలకు, ఆడోళ్లకు నేర్పుకుంట నేను చూసింది ఏందంటే, ఆట మనిషిని ఎంత విడిపిస్తదో అంత కట్టేస్తది కూడా. అదే కాలు, అదే గజ్జె, అదే డప్పు, ఒకరికి పండుగ అయితది, ఇంకొకరికి శిక్ష అయితది. ఆ కాలు లేపాల్నా వద్దా అని ఎవరు చెప్తున్నరు, ఆడే మనిషేనా లేకపోతే పక్కన నిలబడి చూసేటోడా, అక్కడ వస్తది తేడా. ఇయ్యాల నేను మాట్లాడేదంత దీని చుట్టే తిరుగుతది, మధ్యల అటు ఇటు పోయినా మళ్ల ఇక్కడికే వస్త.

మన కాడ నుంచే మొదలువెడ్త. వేయిస్తంభాల గుడి మీకు దగ్గర్నే ఉన్నది, 1163ల రుద్రదేవుడు కట్టించిండు. ఎంగిలిపూల బతుకమ్మ నాడు సాయంత్రం అక్కడ కాలు పెట్టే జాగ ఉండదు, మీల సగం మంది పోయే ఉంటరు. అక్కడికెల్లి ములుగు దాటి పాలంపేట పోతే రామప్ప, 1213ల రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి, 2021ల యునెస్కో వాళ్లు ప్రపంచ వారసత్వం అని గుర్తించిన్రు. వచ్చినోళ్లు చూరు కింద నల్లరాతి మదనికల కాడ, అంటే ఆడోళ్ల శిల్పాల కాడ ఫోటో దిగుతరు, నీళ్ల మీద తేలే ఇటుక గురించి గైడ్ చెప్పింది వింటరు, పోతరు. మీరు ఈసారి పోయినప్పుడు లోపల రంగమంటపం కాడ ఆగండ్రి. స్తంభాల మీద, పైన దూలాల మీద చిన్న చిన్న బొమ్మలు ఉంటయి. ఆడేటోళ్లు, మద్దెల కొట్టేటోళ్లు, వరసగ ఒకల పక్కన ఒకలు. నేను మా పిల్లలను తీస్కపోయినప్పుడు ఒక్కొక్క బొమ్మ ముందట నిలబెట్టి అట్లనే నిలబడమంట. నిలబడి చూస్తే తెలుస్తది, మోకాలు అట్ల పక్కకు మళ్లితే బరువంత ఒక్క మడమ మీదికి వస్తది, బరువు అక్కడికి వస్తెనే రెండో కాలు ఖాళీ అయితది, ఖాళీ అయితెనే తర్వాతి అడుగు వేయొచ్చు. అంటే చెక్కినాయన ఆగిపోయిన భంగిమ చెక్కలేదు, ఇగ కాలు లేస్తది అనంగ ఉన్న ఆ క్షణం చెక్కిండు. ఆటను కండ్లార చూసి చూసి ఉన్న మనిషి చెయ్యి అది, ఎవరో చెప్తే విని చెక్కింది కాదు అని నాకు గట్టి నమ్మకం.

అదే కాలంల జాయప సేనాని ఉన్నడు. కాకతీయ రాజు గణపతిదేవుని కాడ గజసాహిణి, అంటే ఏనుగుల దళానికి పెద్ద, పైగ గణపతిదేవుడు ఈయన చెల్లెండ్లనే చేసుకున్నడు. గసొంటి మనిషి 1253-54 ప్రాంతంల నృత్తరత్నావళి అని సంస్కృతంల పుస్తకం రాసిండు. యుద్ధాలు చేసే మనిషి కూసొని కాలు ఎట్ల పడాలె, కన్ను ఎటు తిరగాలె అని రాసిండంటే నాకు ఇప్పటికి ఆశ్చర్యమే. ఎనిమిది అధ్యాయాలు ఉంటయి. మొదటి నాలుగు భరతుని శాస్త్రం చెప్పిన మార్గ పద్ధతి. తర్వాతి నాలుగు దేశి, అంటే ఆ ఆ ప్రాంతపోళ్లు తమ ఇష్టం కొద్ది ఆడుకునే ఆటలు. పేరిణి, ప్రేంఖణం, రాసకం, కర్రలు పట్టుకొని ఆడే దండరాసకం, చర్చరి, చిందు, కందుకం, కోలాటం ఇవన్ని అందుల ఉన్నయి. సగం పుస్తకం జనం ఆడే ఆటకు ఇచ్చిండు చూడండ్రి. ఇయ్యాల కూడా మనం శాస్త్రీయం అంటే పైన, జానపదం అంటే కింద అని లెక్కలు వేసుకుంటం, ఫంక్షన్లల్ల జానపదం వాళ్లకు ముందుగాల్ల పది నిమిషాలు ఇచ్చి పంపిచ్చేస్తం. ఏడు వందల ఏండ్ల కింద మన ఓరుగల్లుల ఒక సేనాపతికి ఉన్న సోయి మనకు లేకపోతే ఎట్ల అని నాకు బాధ అయితది.

కాని ఇంకో బాధ కూడా ఉన్నది, అది కూడా చెప్పాలె. రామప్ప దూలం మీద ఆడుతున్నామె పేరేంది? ఆమె ఆడాల్ననిపించి ఆడిందా, చిన్నప్పుడే గుడికి ఇచ్చేస్తే ఆడిందా? ఆ రాయి మనకు ఆ మాట చెప్పదు.

మనకు తెలిసిన దగ్గరి కాలం చూద్దాం. మన ఉత్తర తెలంగాణల, నిజామాబాద్ దిక్కు, అట్లనే కింద పాలమూరు దిక్కు జోగిని ఆచారం ఉండె. మీల కొంతమందికి తెలువకపోవచ్చు. దళిత కుటుంబాలల్ల చిన్న ఆడపిల్లను దేవతకు ఇచ్చి పెండ్లి చేసినట్టు చేస్తరు, ఇగ ఆ పిల్లకు వేరే పెండ్లి లేదు, ఊర్ల పెద్దమనుషులకు ఆమె మీద హక్కు ఉన్నట్టే నడిచేది. జాతర వస్తే ఆమె ఆడాలె. ఊర్ల ఎవరన్న సచ్చిపోతే శవం ముందట ఆమె ఆడాలె. కాళ్లు నొచ్చినా ఆడాలె, జ్వరం ఉన్నా ఆడాలె, ఆమె మనసు ఎట్ల ఉన్నదో అడిగేటోడు లేడు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ల 1988ల దీన్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది. నిజామాబాద్ జిల్లాల హేమలతా లవణం గారు ఆ ఊర్లల్ల తిరిగి జోగినిలతోని పని చేసిన్రు. చట్టం వచ్చినంత మాత్రాన అంతా అయిపోలేదు, కాని చట్టం వచ్చింది కాబట్టే తర్వాత ఎవరన్న పోయి అడగటానికి ఒక ఆధారం దొరికింది.

ఇప్పుడు ఇంకో ముచ్చట, ఇదే శవం ముందట ఆట గురించే. మన ఊర్లల్ల బాగా వయసు మళ్లిన తాతనో అవ్వనో పోతే డప్పులు పెట్టి తీస్కపోతరు. మనుమలు, కొడుకులు, పాలోళ్లు ఆ డప్పు ముందట ఆడుతరు. బయట నుంచి వచ్చినోళ్లకు వింతగ ఉంటది, సావు కాడ డాన్స్ ఏంది అంటరు. నేను ఒక ఊర్ల చూసిన, ఇరవై ఏండ్లు కూడా లేని పిల్లగాడు, పొద్దటి సంది ఒక్క మాట మాట్లాడలేదంట, కండ్లల్ల నీళ్లు కూడా లేవు, ఊరకనే గోడకు ఆనుకొని నిలబడ్డడు. పాడె లేపంగనే డప్పు మోగింది, ఈ పిల్లగాడు ముందుకు వచ్చి ఆడుడు మొదలువెట్టిండు. అంగి అంతా తడిసిపోయింది, చెప్పులు ఎక్కడ పోయినయో తెల్వదు, మోకాళ్ల మీద పడుతున్నడు, మళ్ల లేస్తున్నడు, డప్పు కొట్టే ఆయన కూడా ఆ పిల్లగాని మొఖమే చూసుకుంట దరువు మారుస్తున్నడు, వాడు నిమ్మళంగ అయితే ఈయన తగ్గిస్తడు, వాడు లేస్తే ఈయన లేపుతడు. శ్మశానం కాడికి పోయేసరికి అప్పుడు ఏడ్సిండు, నోరార ఏడ్సిండు. వానికి ఆ ఏడుపు దాకా తొవ్వ చూపింది ఆటనే.

ఈ రెండు పక్కపక్కన పెట్టి చూడండ్రి. రెండు చోట్ల శవమే, రెండు చోట్ల డప్పే, అడుగులు కూడా దాదాపు అవ్వే. మనుమడు తన దుఃఖం తను ఆడుతున్నడు. జోగిని వేరే వాళ్ల ఇంటి దుఃఖాన్ని వాళ్లు చెప్పినందుకు ఆడుతున్నది. బయటికెల్లి వీడియో తీస్తే రెండు ఒక్కతీరుగనే కనపడ్తయి. అందుకే ఎవరన్న డాన్స్ అంటేనే స్వేచ్ఛ అని గుండుగుత్తగ అంటే నేను ఆగి అడుగుత, ఎవరి డాన్స్, ఎవరు ఆడమంటే ఆడింది అని.

కళావంతుల సంగతి కూడా ఇట్లనే. గుళ్లల్ల, కచేరీలల్ల ఆడిన ఆడోళ్లు, వాళ్ల చేతులల్లనే వందల ఏండ్లు నాట్యం బతికింది. మద్రాసు రాష్ట్రంల 1947ల దేవదాసీ చట్టం వచ్చింది, రావాల్సిందే, ఆడపిల్లలను గుడికి ఇచ్చుడు బంద్ కావాల్సిందే. కాని ఏమయిందంటే ఆచారంతోని పాటు ఆ ఆడోళ్ల గౌరవం కూడా పోయింది, వాళ్ల ఆట వేరే ఇండ్లకు పోయి మంచి పేరు తెచ్చుకుంది, నేర్పినోళ్లు మాత్రం వాళ్లది ఏ కులమో దాచుకొని బతకాల్సి వచ్చింది. నటరాజ రామకృష్ణ గారి మీద నాకు గౌరవం ఎందుకంటే ఆయన వాళ్ల గడపకు పోయిండు. ముసలోళ్లైన ఆ కళాకారిణుల దగ్గర కూసొని నేర్చుకొని, వాళ్లను స్టేజి మీదికి తెచ్చి, ఆ ఆటను ఆంధ్రనాట్యం అని నిలబెట్టిండు. మన పేరిణిని మళ్ల లేపింది కూడా ఆయనే. జాయప పుస్తకం ఒక చేతిల, రామప్ప బొమ్మలు కండ్ల ముందట పెట్టుకొని ఒక్కొక్క అడుగు కూడగట్టిండు, 1985 శివరాత్రికి రామప్ప కాడనే పేరిణి ఆడిపిచ్చిండు. పేరిణి అంటే యుద్ధానికి పోయే ముందు మగవాళ్లు ఆడేదని చెప్తరు, ఇప్పుడు పేరిణి లాస్యం అని ఆడపిల్లలు కూడా ఆడుతున్నరు, మన వరంగల్లులనే మస్తు మంది నేర్చుకుంటున్నరు. మద్దెల మీద ఆ జతి పడంగనే సన్నగ ఉండే పిల్ల నేల అదిరేటట్టు కాలు వేస్తది చూడు, ఆ పిల్ల నడక కూడా మారుతది, బస్టాండ్ల నడిచేటప్పుడు కూడా మారుతది. ఇది వాళ్ల అమ్మలు వచ్చి నాకు చెప్పిన మాట.

సరే, బతుకమ్మ కాడికి వస్త, మీరు దానికోసమే ఎదురు చూస్తున్నట్టు ఉన్నరు.

బతుకమ్మ అడుగు చాన సులువు అంటరు. ఒక అడుగు ముందుకు, నడుము వంచి కింద చప్పట్లు, లేచి మళ్ల చప్పట్లు, ఒక అడుగు పక్కకు. మూడేండ్ల పిల్ల కూడా ఆడుతది. ఇంత సులువు అడుగుల స్వేచ్ఛ ఏముంది, అందరు ఒక్కతీరుగ ఆడుతరు గదా అని ఒక సారు నన్ను అడిగిండు. నేను దీని గురించి చాన ఆలోచించిన. స్టేజి మీద ఆడితే ఒక దిక్కు ఆడేటోళ్లు, ఇంకో దిక్కు చూసేటోళ్లు. బతుకమ్మల మధ్యల గౌరమ్మ ఉంటది, పూలు ఉంటయి, అందరి మొఖాలు లోపలికే ఉంటయి. చూసేటోళ్లకు కనపడేది వీపులే. నీకు మార్కులు వేసేటోడు లేడు, తప్పు అడుగు పడితే పక్కన ఉన్నామె నవ్వి సరి చేస్తది. అడుగు సులువైంది కాబట్టి దాని మీద ధ్యాస అవసరం లేదు, ధ్యాసంతా పాట మీదికి పోతది. ఆ పాటల ఏం చెప్తరు? అత్తగారింట్ల కష్టం, పుట్టింటికి పోవాల్నన్న ఆశ, అన్న రాలేదన్న అలక, పోయిన బిడ్డ. ఇంట్ల నోరు తెరిచి చెప్తే గొడవ అయ్యే మాట బజార్ల వందమంది ముందట చెప్పొచ్చు, ఎందుకంటే ఒకామె అంటది, మిగిలినోళ్లంత ఉయ్యాలో అని అందుకుంటరు. వందమంది ఉయ్యాలో అన్నంక ఇగ అది ఆమె ఒక్కదాని మాట కాదు. మన అమ్మమ్మలు ఎవరు చెప్పకుండనే ఇంత తెలివైన ఏర్పాటు చేసుకున్నరు.

దీనికి ఒక సైన్స్ ముచ్చట కూడా ఉన్నది. ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు బ్రెజిల్‌ల హైస్కూల్ పిల్లలతోని డాన్స్ చేపిచ్చి చూసిన్రు, 2015ల ఆ పేపర్ వచ్చింది. కొందరితోని అందరు ఒకే స్టెప్పు ఒకేసారి వేపిచ్చిన్రు, కొందరితోని ఎవరి స్టెప్పు వాళ్లు వేపిచ్చిన్రు. ముందు, తర్వాత బీపీ పట్టీ చేతికి చుట్టి గాలి కొట్టుకుంట పోయి, ఎంత నొప్పి దాకా ఓర్చుకుంటరో చూసిన్రు. ఒళ్లు అలిసేటట్టు ఆడినా ఓర్పు పెరిగింది, కలిసి ఒకే లయల ఆడినా ఓర్పు పెరిగింది, రెండు దేనికదే పని చేసినయి, పక్కనున్నోళ్ల మీద దగ్గరితనం కూడా పెరిగింది. పొద్దంతా పత్తి ఏరి వచ్చి, పొద్దుమూకినంక రెండు గంటలు బతుకమ్మ ఆడి, తెల్లారి మళ్ల చేనుకు పోయే ఆడోళ్లను చూసి పెరిగిన నాకు ఆ పేపర్ల కొత్త ఏం కనపడలేదు. కాని సంతోషమైంది.

అందుకే డీజే గురించి ఒక మాట అంట, మీకు నచ్చకపోయినా సరే. డీజే పెట్టుకుంటే ఊపు వస్తది, వయసు పిల్లలు ఎగురుతరు, అది వద్దని నేను అనను. కాని డీజే పెట్టినంక ఎవ్వరు పాడుతలేరు. కాళ్లు ఆడుతున్నయి, నోర్లు మూసుకున్నయి. పాట ఎక్కడో స్టూడియోల ఎవరో పాడింది, అందుల మన వాకిట్ల సంగతి ఉండదు. ముసలవ్వలు పక్కకు జరిగి కుర్చీలల్ల కూసుంటున్నరు, వాళ్లకు తెలిసిన పాటలు వాళ్లతోనే పోతున్నయి. కనీసం మొదటి గంట అవ్వలతోని పాడిపిచ్చి, తర్వాత డీజే పెట్టుకోండ్రి. మా గల్లీల మేము అట్లనే చేస్తున్నం, మొదట పిల్లలు గులిగిన్రు, ఇప్పుడు ఆ గంట వాళ్లే ఫోన్ల రికార్డ్ చేస్తున్నరు.

రాష్ట్రం కోసం కొట్లాడినప్పుడు ఇదే బతుకమ్మను రోడ్ల మీద పెట్టి ఆడిన్రు, బండ్లు ఆగిపోయినయి. ధూం ధాంలల్ల గోచి గట్టి, భుజం మీద గొంగడి వేసుకొని, కాలికి గజ్జె కట్టి ఆడుతుంటే చూసేటోళ్ల కాళ్లు కూడా ఆగకపోయేది. 2014ల బతుకమ్మ రాష్ట్ర పండుగ అయింది. ఆటకు సర్కారోళ్లు భయపడుడు మన కాడనే కాదు. హవాయి దీవులల్ల హులా అనే ఆట ఉంటది, వాళ్ల పురాణాలు, వంశాల కథలు అన్ని ఆ ఆటలనే దాచుకున్నరు. మిషనరీల ప్రభావంతోని 1830ల అక్కడి రాణి కాహుమాను అందరి ముందట హులా ఆడొద్దని ఆర్డర్ వేసింది. జనం ఊర్లల్ల చాటుంగ ఆడుకున్నరు. 1883ల రాజు కలాకౌవా తన పట్టాభిషేకానికి అందరి ముందట హులా ఆడిపిచ్చిండు. బ్రెజిల్‌ల ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసలు కపొయెరా అని ఆడేటోళ్లు, పాట పాడుకుంట గుండ్రంగ నిలబడి ఆడే ఆటనే, అందులనే కొట్లాట కూడా ఉంటది. 1890ల దాన్ని నేరం అని చట్టంల రాసిన్రు. ఇప్పుడు ప్రపంచమంతా నేర్చుకుంటున్నరు. చేతిల ఏం లేని మనిషి కాడ కూడా ఒళ్లు ఉంటది, ఆ ఒళ్లు తన ఇష్టం వచ్చినట్టు కదులుతుంటే పైనున్నోళ్లకు నిద్ర పట్టదు.

ఇంత పెద్ద ముచ్చట్లు చెప్పిన, ఇప్పుడు చిన్నది చెప్త, నాకు ఇదే పెద్దది. చౌరస్తా దిక్కు టైలరింగ్ చేసే ఒక అక్క మా సాయంత్రం క్లాసుకు వచ్చేది. నలభై దాటి ఉంటయి. కాళ్లు మస్తు మంచిగ పడేటివి, మిషన్ తొక్కీ తొక్కీ ఆమె పాదానికి లయ తెలుసు, నేను తాళం ఆపినా ఆమె కాలు ఆగకపోయేది. చేతుల కాడికి వచ్చేసరికి మాత్రం కుదరకపోయేది. ఎడమ చెయ్యి కొంగు ఇడిసిపెట్టదు. కుడి చెయ్యి లేస్తది, ఎడమది లేవదు. కొంగు నడుముకు చెక్కమన్న, చెక్కింది, అయినా వేళ్లు పోయి ఆ చెక్కిన కాడనే పట్టుకున్నయి. చున్నీ వేసుకొని రమ్మన్న, చున్నీ పట్టుకున్నది. నేను ఇగ అనుడు బంద్ చేసిన. ఒకనాడు వాన పడి కరెంట్ పోయింది, మేము ఫోన్ల లైట్లు పెట్టుకొని ఊరకనే చప్పట్లతోని ఆడుతున్నం, అప్పుడు చూసిన, రెండు చేతులు లేసినయి. నేను ఏం అనలేదు, అంటే మళ్ల దించుతదని. పోయేటప్పుడు ఆమెనే అన్నది, చేతులు ఖాళీగ ఉంటే ఏం చెయ్యాల్నో నాకు తెల్వదు మేడం, కత్తెరో, చీపురో, పిల్లనో ఎప్పుడు ఏదో ఒకటి పట్టుకునే ఉంట అని. ఇంటికి పోయి నేను ఈ మాట గురించే ఆలోచించిన. మన ఆడోళ్ల చేతులు పని లేకుండ గాలిల లేసుడు ఎప్పుడన్న చూసినమా? డాన్స్‌ల చెయ్యి లేస్తే అది అన్నం వండదు, బట్ట కుట్టదు, ఎవరికి పనికి రాదు. ఆమెకు మాత్రమే ఉంటది.

ఫోన్ సంగతి కూడా అడుగుతరు నన్ను, రీల్స్ చేసుడు తప్పా మేడం అని. తప్పు అని నేను ఎందుకంట? ఊర్ల ఉండే ఆడపిల్లకు ఫోనే మొదటి స్టేజి అయింది, తలుపు దగ్గరికి వేసుకొని ఆడుకుంటది, మంచిదే. కాని లైకులు తక్కువ వచ్చినయని ఏడుస్తే, ఆడాలనిపించక పోయినా పొద్దుకొక్కటి పెట్టాల్నని ఆడితే, అప్పుడు మళ్ల అదే ప్రశ్న అడగాలె, ఎవరు ఆడిపిస్తున్నరు అని. టీవీ షోలకు చిన్న పిల్లలను తీస్కపోయి వాళ్ల వయసుకు మించిన స్టెప్పులు వేపిచ్చే అమ్మానాయనలకు కూడా ఇదే చెప్త. పిల్ల ఆడుతున్నది అని మీరు మురుస్తున్నరు, ఒకసారి బంద్ చెయ్యమని చూడండ్రి, బంద్ చెయ్యటానికి పిల్లకు హక్కు ఉన్నదా లేదా తెలుస్తది.

ప్రశ్నలు అడుగుతరా? ఆ, చెప్పు బిడ్డా.

(ఒక అమ్మాయి: మేడం, మా ఇంట్ల డాన్స్ నేర్చుకుంట అంటే మంచి ఇంటి ఆడపిల్లలు చెయ్యరు అంటరు. ఏం చెప్పాలె?)

ఈ మాట నేను కూడా విన్న చిన్నప్పుడు. ఇది ఎక్కడికెల్లి వచ్చిందో ఇందాక చెప్పిన గదా. ఒక కాలంల కొందరు ఆడోళ్లను బలవంతంగ ఆడిపిచ్చిన్రు, ఆడిపిచ్చినోళ్లు పెద్దమనుషులుగనే మిగిలిన్రు, సిగ్గంతా తెచ్చి ఆడినామె మీద వేసిన్రు. ఆ సిగ్గే తిరిగి తిరిగి మీ ఇంటి దాకా వచ్చింది. మీ అమ్మానాయనతోని కొట్లాడకు, అబద్ధం చెప్పి కూడా రాకు. మీ అమ్మను ఒకనాడు క్లాసుకు తోల్కరా, కూసొని చూడనీయి, అక్కడ ఎవరు ఉంటరో, ఏం నేర్పుతరో కండ్లతోని చూస్తే సగం భయం పోతది. ఇంకోటి, మీ అమ్మ బతుకమ్మ ఆడుతదా? ఆడుతది గదా. గునుగుపూలకు, తంగేడుపూలకు పొద్దున్నే చేను పొంటి తిరిగి, సాయంత్రం దాకా పేర్చి, రాత్రి దాకా ఆడుతది. మీ ఇంట్ల డాన్స్ లేదని ఎవరన్నరు? ఆమెను అడుగు, ఆడేటప్పుడు నీకెట్ల ఉంటదమ్మా అని. చాన ఇండ్లల్ల ఈ ప్రశ్న ఇంతవరకు ఎవరు అడగలేదు.

ఆ వెనక, చెయ్యి లేపిన పిల్లగాడు.

(ఒక అబ్బాయి: మేడం, మగపిల్లలు క్లాసికల్ నేర్చుకుంటే ఫ్రెండ్స్ ఎగతాళి చేస్తరు.)

చేస్తరు, నాకు తెలుసు. మా క్లాసుల కూడా మగపిల్లలు గజ్జెలు బ్యాగుల అడుగుకు పెట్టుకొని వస్తరు, మోగొద్దని గుడ్డ చుట్టి. వాళ్లను చూస్తే నాకు బాధ అయితది. కూచిపూడిల మొన్న మొన్నటి దాకా అందరు మగవాళ్లే, సత్యభామ వేషం కూడా మగవాళ్లే కట్టిన్రు. పేరిణి సంగతి చెప్పిన. ఆదిలాబాద్ దిక్కు పో, దీపావళి ముందట దండారి పండుగకు రాజ్‌గోండు మగవాళ్లు నెమలి ఈకల టోపి పెట్టుకొని, ఒళ్లంతా బూడిద పూసుకొని గుస్సాడీ ఆడుతరు, ఆ రోజులన్ని దీక్షల ఉంటరు, స్నానం కూడా చెయ్యరు, ఊరి నుంచి ఊరికి పోయి ఆడుతరు. మార్లవాయి కనకరాజు గారికి ఆ ఆటకే 2021ల పద్మశ్రీ ఇచ్చిన్రు. మన జనగామ దిక్కు చిందు యక్షగానం ఆడే గడ్డం సమ్మయ్య గారికి 2024ల ఇచ్చిన్రు. చిందుల ఇంకో గొప్ప ఏందంటే వాళ్ల ఇండ్లల్ల ఆడోళ్లు కూడా వేషం కడ్తరు, చిందు ఎల్లమ్మ మగ వేషాలు కట్టి ఊర్లను ఊపేసింది. పీరీల పండుగకు అలావ, అంటే నిప్పుల గుండం చుట్టు ఎవరు ఆడుతరు? సాయిబులు, మనోళ్లు కలిసి మగవాళ్లే గదా ఆడేది. నిన్ను ఎగతాళి చేసే నీ దోస్తే రేపు బరాత్‌ల తీన్మార్‌కు అంగి విప్పి ఆడుతడు, అప్పుడు వానికి సిగ్గు కాదు.

నీది ఏ ఊరు? పరకాలా. అయితే ఇంటికి పోయినప్పుడు మీ తాతను అడుగు, చిరుతల రామాయణంల ఏ వేషం కట్టిండో. ఆ దిక్కు ఊర్లల్ల ఎండకాలం రాత్రిళ్లు గురువును పెట్టుకొని నెలల కొద్ది నేర్చుకునేటోళ్లు, చిరుతలు పట్టుకొని గుండ్రంగ తిరుగుకుంట ఆడేటోళ్లు, మగవాళ్లే సీత, మగవాళ్లే శూర్పణఖ. మీ తాత కట్టకపోతే మీ వాడకట్టుల ఇంకెవరన్న తాత కట్టే ఉంటడు. లేచి నిలబడలేకపోతే కూసొనే చేతులతోని చూపిస్తడు, అడుగులు నోటితోని చెప్తడు. ఫోన్‌ల రికార్డ్ చెయ్, మొఖం ఒక్కటే కాదు, కాళ్లు కూడా పడేటట్టు తియ్యి. తీసినంక నా దగ్గరికి తీస్కరా, మనిద్దరం కూసొని చూసి ఆ అడుగులు ఎట్ల పడ్డయో రాసుకుందం, నువ్వే మా క్లాసుల పిల్లలకు చూపిద్దువు.